జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి గణిత ఉపాధ్యాయుల దరఖాస్తు: జాగ్రత్త పడవలసింది పోర్ట్‌ఫోలియో దగ్గర

లెక్కను నల్లబల్ల మీద వదిలేయకుండా ఊరి చెరువు దగ్గరికో, రేషన్ దుకాణం దగ్గరికో తీసుకువెళ్లి, అక్కడి సమస్యను పిల్లల చేత గణిత రూపంలో రాయించే ఉపాధ్యాయులు మన జిల్లా పరిషత్ పాఠశాలల్లో ఉన్నారు. వారిలో జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి దరఖాస్తు చేసుకునేవారు తక్కువ, చేసుకున్నవారిలో తమ పనిని కాగితం మీద చూపించగలిగేవారు మరీ తక్కువ. కొన్నేళ్లుగా సహోపాధ్యాయుల దరఖాస్తులను పంపే ముందు చదివిపెడుతున్నాను. మంచి పని చేసినవారు ఒకే చోట తడబడటమూ, ఆ తడబాటును ఆసరాగా తీసుకుని కొందరు డబ్బు గుంజడమూ చూసిన మీదట ఈ వివరాలు రాస్తున్నాను.

ఈ పురస్కారాన్ని 1958లో ప్రారంభించారు. ఏటా సెప్టెంబరు 5న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయల నగదు అందజేస్తారు. 2024లో పాఠశాల విద్య నుంచి 50 మందిని ఎంపిక చేశారు. గణితానికంటూ ఇందులో ప్రత్యేక విభాగం లేదు. ఏ సబ్జెక్టు వారైనా ఒకే కొలమానం మీద పోటీ పడాలి.

పై అధికారి సిఫారసు చేస్తేనే పేరు వెళ్తుందన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. 2018లో నిబంధనలు మార్చిన నాటి నుంచి ఉపాధ్యాయుడే తన పేరును ఆన్‌లైన్‌లో స్వయంగా ప్రతిపాదించుకోవాలి. అలా చేసుకోవడం గొప్పలకు పోవడం అవుతుందేమోనని సంకోచించేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఇప్పుడున్న పద్ధతే అది, మీరు అడగకపోతే మీ పేరు ఎవరి ముందుకూ రాదు.

గుర్తింపు పొందిన పాఠశాలల్లో పనిచేస్తున్న రెగ్యులర్ ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు అర్హులు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలతో పాటు కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సీబీఎస్ఈ అనుబంధ పాఠశాలల వారూ దీని కిందికి వస్తారు. ఇటీవలి మార్గదర్శకాల ప్రకారం కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ప్రైవేటు ట్యూషన్లు చెప్పేవారు, తనిఖీ అధికారులు, శిక్షణ సంస్థల సిబ్బంది అర్హులు కారు. పదవీ విరమణ చేసినవారిలో, పురస్కారానికి సంబంధించిన సంవత్సరంలో కనీసం ఏప్రిల్ 30 వరకు పనిచేసినవారిని పరిగణిస్తారు. ఒప్పంద ఉపాధ్యాయులకు అవకాశం లేకపోవడం బాధ కలిగించే విషయమే. ఎవరైనా "మేం చూసుకుంటాం" అని వారికి ఆశ పెడితే మాత్రం ఆ మాట నమ్మవద్దు.

దరఖాస్తు నింపడం కష్టమేమీ కాదు. గత కొన్నేళ్లుగా జూన్, జులై నెలల్లో కేంద్ర విద్యాశాఖ పోర్టల్ తెరుస్తోంది. మొబైల్‌కు వచ్చే ఓటీపీతో నమోదై, వ్యక్తిగత వివరాలు, సర్వీసు వివరాలు నింపి, పోర్ట్‌ఫోలియో (చేసిన పనికి సాక్ష్యాలను ఒకచోట కూర్చిన ఫైలు) జతచేసి, సమాచారమంతా నిజమని హామీ ఇవ్వాలి. ఆ హామీని తేలికగా తీసుకోకూడదు, తర్వాత ఏదైనా అబద్ధమని తేలితే క్రమశిక్షణ చర్య తప్పదు. పేరు, పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా పరిశీలనలో ప్రశ్నగా మారవచ్చు.

ఇక్కడే డబ్బు సంగతి చెప్పాలి. ఈ దరఖాస్తుకు రుసుము లేదు. అయినా "జాతీయ పురస్కారం" అన్న మాటను వాడుకుంటూ రిజిస్ట్రేషన్ పేరుతో, జ్ఞాపిక పేరుతో కొన్ని వేలు వసూలు చేసే సన్మానాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. నాకు తెలిసిన ఒక గణిత ఉపాధ్యాయురాలు అలాంటి పిలుపును నిజమైనదనుకుని డబ్బు కట్టి, దూరప్రయాణం చేసి, శాలువాతో తిరిగివచ్చారు. ఆ కాగితం ఈ పురస్కారం కాదని ఆమెకు అర్థమయ్యేసరికి ఆ ఏటి అసలు గడువు దాటిపోయింది. పోర్టల్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోవడం, డబ్బు అడిగిన మరుక్షణం ఆగిపోవడం, ఈ రెండూ పాటిస్తే చాలావరకు మోసపోకుండా ఉండవచ్చు.

ఇక అసలు చిక్కు పోర్ట్‌ఫోలియో. పత్రాలు, బోధన సామగ్రి, కార్యక్రమాల నివేదికలు, క్షేత్ర పర్యటనల వివరాలు, ఫొటోలు, ఆడియోలు, వీడియోలు ఇందులో పెట్టవచ్చు. మూల్యాంకన పట్టికలో సర్వీసు రికార్డు, శిక్షణలు, ప్రచురణల వంటి వాటికి మార్కులు కొన్నే, బోధనలో చేసిన ప్రయోగాలకూ పాఠశాలలో చేసిన పనికీ సింహభాగం. మార్కుల విభజన మారుతూ ఉంటుంది కనుక ఆ ఏటి మార్గదర్శకాలను డౌన్‌లోడ్ చేసుకుని చదవాలి. అందులో ఏమున్నా, నేను చూసిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం సన్మానాల ఫొటోలు, పత్రికా కత్తిరింపులతో నిండి ఉంటాయి. పిల్లలు ఏం నేర్చుకున్నారో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

గణిత ఉపాధ్యాయులకు దీనికి తోడు మాటతో వచ్చే చిక్కు ఒకటుంది. మన బడుల్లో "నమూనా" అనగానే అట్టతోనో థర్మోకోల్‌తోనో చేసి సైన్స్ ఫెయిర్‌లో పెట్టే వస్తువే గుర్తుకు వస్తుంది. గణిత నమూనా అది కాదు. నిజమైన సమస్యను తీసుకుని, కొన్ని ఊహలు చేసుకుని, దాన్ని సమీకరణంగానో పట్టికగానో రాసి, సాధించి, వచ్చిన జవాబు వాస్తవంతో సరిపోతుందో లేదో చూసి, సరిపోకపోతే ఊహను సవరించుకోవడమే గణిత నమూనా. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిది, పది తరగతుల గణిత పుస్తకాల్లో ఇది ఏళ్ల తరబడి చివరన అనుబంధంగా ఉంటూ వచ్చింది. అనుబంధం పరీక్షకు రాదు కనుక చాలాచోట్ల చెప్పరు. మీరు చెప్పి ఉంటే, ఆ మాటకు అర్థమేమిటో పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలోనే రెండు వాక్యాల్లో రాయండి. లేకపోతే పరిశీలించేవారు థర్మోకోల్ గోపురం కోసం వెతుకుతారు.

దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలు కారుతున్న కుళాయి దగ్గర కూర్చుని నిమిషానికి 50 చుక్కలు లెక్కపెట్టారు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అవుతాయని కొలిచి, గంటకు 150 మిల్లీలీటర్ల చొప్పున సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 9 వరకు, అంటే 16 గంటలకు, 2.4 లీటర్లు కారుతాయని రాసుకుని, కింద బకెట్ పెట్టి ఇంటికి వెళ్లారు. ఉదయం చూస్తే దాదాపు మూడున్నర లీటర్లున్నాయి. లెక్క తప్పిందని పిల్లలు నొచ్చుకుంటే, ఉపాధ్యాయురాలు జవాబు చెప్పకుండా, రాత్రికీ పగటికీ ఏం మారిందని అడిగారు. సాయంత్రం మోటారు వేస్తే ట్యాంకు నిండుతుందని, నిండిన ట్యాంకు కింద ఒత్తిడి ఎక్కువై చుక్కలు వేగంగా పడతాయని ఒక అమ్మాయి కనిపెట్టింది. చుక్కల వేగం రాత్రంతా ఒకేలా ఉంటుందన్న ఊహే తప్పని రాసి, మొదటి లెక్క మీద అడ్డగీత గీసి, పక్కన కొత్త పట్టిక వేసుకుంది.

ఆ పేజీని ఉపాధ్యాయురాలు పోర్ట్‌ఫోలియోలో పెట్టలేదు. కొట్టివేతలతో గలీజుగా ఉందని పక్కనపెట్టి, అదే కుళాయి దగ్గర పిల్లలను వరుసగా నిలబెట్టి తీసిన ఫొటో పెట్టారు. ఫొటోలో కుళాయీ పిల్లలూ కనిపిస్తారు, గణితం కనిపించదు. ఆ కొట్టివేతే అసలైన సాక్ష్యం. దాన్ని స్కాన్ చేసి, పక్కన తేదీ, తరగతి, ఎంతమంది పాల్గొన్నారు, ముందు ఏమనుకున్నారు, తర్వాత ఏం సవరించారు అన్న నాలుగు విషయాలు రాస్తే ఆ ఒక్క పేజీ ఇరవై ఫొటోల పని చేస్తుంది. ఇలాంటివి మూడు చాలు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, నోటు పుస్తకం స్కాన్‌లో పిల్లల పేరు కనిపించకుండా చూడండి.

సమర్పించిన తర్వాత దరఖాస్తు జిల్లా విద్యాశాఖాధికారి అధ్యక్షతన ఉండే కమిటీకి వెళ్తుంది. వారు వాస్తవాలు పరిశీలించి, ఎంపిక చేసిన మూడు పేర్లను రాష్ట్ర కమిటీకి పంపుతారు. విజిలెన్స్ క్లియరెన్స్, అంటే ఉపాధ్యాయుడి మీద విచారణలేవీ లేవన్న ధ్రువీకరణ, కూడా ఆ దశలోనే, ఆ ముగ్గురి విషయంలో మాత్రమే వస్తుంది. దాన్ని తెప్పించిపెడతామని ముందే డబ్బు అడిగేవారు లేని పనికి వెల కడుతున్నారు. మీరు చేయవలసిందల్లా పోర్ట్‌ఫోలియోలోని ప్రతి కాగితానికీ అసలును బడిలో సిద్ధంగా ఉంచుకోవడం.

రాష్ట్రం నుంచి వెళ్లిన పేర్లను స్వతంత్ర జాతీయ జ్యూరీ పరిశీలిస్తుంది. అభ్యర్థి స్వయంగా ప్రజెంటేషన్ ఇవ్వాలి. ఇతరుల చేత రాయించుకున్న ఫైలు ఇక్కడ నిలబడదు, ఎందుకంటే చుక్కల వేగం ఎందుకు మారిందని అడిగితే ఆ తరగతిలో ఉన్నవారే జవాబు చెప్పగలరు.

జూన్‌లో పోర్టల్ తెరిచాక పిల్లల పని కోసం వెతికితే దొరకదు. పరీక్షలు కాగానే నోటు పుస్తకాలు పాత కాగితాల వారికి వెళ్లిపోతాయి. కుళాయి లెక్క ఉన్న పుస్తకం కూడా అలా పోయేదే, ఆ అమ్మాయి తమ్ముడికి రాసుకోవడానికి పనికొస్తుందని దాచబట్టి మిగిలింది. అందుచేత ఫిబ్రవరి నెలాఖరులోగా, ఫోన్‌తోనైనా సరే, ఆ పేజీలను తేదీతో స్కాన్ చేసి పెట్టుకోండి.