96 నుంచి 128కి: లూపు మారినా తాళం తెగకుండా

చెన్నైలో లూపులతో (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతపు ముక్కలతో) చేసే మా ప్రదర్శనల్లో ఎప్పుడూ ఒకే చోట పట్టు జారేది. 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు) లూపు నుంచి 128 లూపుకు మారగానే ఆడేవాళ్ల అడుగులు ఆగిపోయేవి. వేగాన్ని మెల్లగా పెంచడం, మధ్యలో నిశ్శబ్దం ఉంచడం, వార్ప్ పద్ధతులు (శబ్దాన్ని వేగానికి తగ్గట్టు సాగదీసే తీరులు) మార్చడం ఏవీ పనిచేయలేదు.

మైలాపూరులో మృదంగం వాయించే మా మావయ్య విని, "చతురశ్ర నడకలో మూడేసి మాత్రలకు ఒక దెబ్బ వేసి చూడరా" అన్నారు. చతురశ్ర నడకంటే బీటుకు నాలుగు మాత్రలు, కాబట్టి మూడు మాత్రలంటే ముప్పావు బీటు. లెక్క కట్టాను. 96లో ఒక బీటు 625 మిల్లీసెకన్లు, అందులో ముప్పావు 468.75. సరిగ్గా 128 వేగం! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏబుల్‌టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో లాంచ్ క్వాంటైజేషన్‌ను ఒక బారుకు (నాలుగు బీట్లకు) పెట్టి, అంటే నొక్కింది తర్వాతి బారు మొదట్లోనే మొదలయ్యేలా చేసి, తర్వాతి సీను (కలిసి మోగే క్లిప్పుల వరస) టెంపో గడిలో 128 నింపాను. పాత లూపు చివరి మూడు బార్లలో, బీటులో నాలుగో వంతు చొప్పున లెక్కపెట్టి, ప్రతి మూడింటికి ఒక గంట మోగే క్లిప్పు చేర్చాను. మొత్తం పదహారు గంటలు, అంటే కొత్త వేగంలో నాలుగు బార్లు. మూడో బారు నడుస్తుండగా సీను నొక్కుతాను. గంట అదే వేగంతో సాగుతుంది, దాని కింద డ్రమ్ములు మారతాయి. కొత్త సీనులోనూ బీటుకొక గంట చొప్పున రెండు బార్లు ఉంచాలి. అది తీసేసినప్పుడు అతుకు స్పష్టంగా వినిపించింది.

ఇది మూడు, నాలుగు నిష్పత్తికే సరిపోతుంది. 90 నుంచి 120కి, 105 నుంచి 140కి కుదిరింది. 100 నుంచి 128కి మాత్రం ఈ లెక్క పనికిరాదు.