ఎనిమిది బార్ల దగ్గర ఆగిపోయిన ట్రాక్‌ను పూర్తి చేయడం ఎలా?

"అన్నయ్యా, ఇది నువ్వు నిరుడు వినిపించిందే కదా?" అంది మా చెల్లి, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ. నిజమే. నిరుడు బోనాలప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్న డప్పు చప్పుడు, దాని కింద కిక్ (డ్రమ్ము లోతైన దెబ్బ), పైన ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు లాంటి వాయిద్యం). మొత్తం పదిహేను సెకన్లు. ఏడాది గడిచినా అది పదిహేను సెకన్లే. ఈలోగా కిక్ మాత్రం పదకొండుసార్లు మారింది.

ఉద్యోగం నుంచి వచ్చి, భోంచేసి, రాత్రిపూట ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ఆ చిన్న ముక్క, అదిరిపోతుంది, ట్రాక్ మాత్రం తేలదు. మనకు ఆరంభశూరత్వం ఎక్కువని మనల్ని మనమే తిట్టుకుంటాం. నాకు మాత్రం ఇందులో ఒక చిన్న లెక్క కనిపిస్తుంది. 128 బీపీఎం వేగంలో, అంటే నిమిషానికి 128 బీట్లు పడుతుంటే, నాలుగేసి బీట్ల బార్లు ఎనిమిదంటే సరిగ్గా 15 సెకన్లు. దాన్ని తిప్పుతూ గంటసేపు కూర్చుంటే 240 సార్లు విన్నట్టు. అమ్మ చేతి గుత్తివంకాయ కూరైనా వరుసగా 240 పూటలు పెడితే మొహం మొత్తుతుంది. అప్పుడు "ఈ లూప్‌లో పస లేదు" అనుకుని కొత్త ప్రాజెక్టు తెరుస్తాం. పస ఎక్కడికీ పోలేదు, మన చెవికే రుచి చచ్చింది.

అందుకని మూడ్ వచ్చేదాకా ఎదురుచూసే పద్ధతి నేను మానేశాను. మూడ్ లేని రోజు కూడా చేయగలిగేంత చిన్న ముక్కలుగా పనిని విడగొట్టుకుంటున్నాను. కింద చెప్పేది ఆ పద్ధతే. మీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో అయినా, ఏబుల్టన్ లైవ్ అయినా, రీపర్ అయినా పెద్ద తేడా ఉండదు.

1. పాత లూపులన్నీ ఫోన్లోకి ఎక్కించండి

ముందు మీ ప్రాజెక్టుల ఫోల్డర్ తెరిచి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాకు 63 వచ్చాయి, కాసేపు మనసు చివుక్కుమంది. ఒక్కొక్కటి తెరిచి, ఏమీ మార్చకుండా ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్లో వేసుకోండి. ఏమీ మార్చకుండా అనేది ముఖ్యం. తెరిచాక "ఈ హైహ్యాట్ (సన్నని తాళం చప్పుడు) ఒక్కటీ సరిచేద్దాం" అనుకున్నారంటే ఆ రాత్రి అక్కడే తెల్లారుతుంది.

తర్వాత రెండు రోజులు బస్సులోనో, మెట్రోలోనో, కూరగాయలకు వెళ్లేటప్పుడో వాటిని వినండి. తెర మీద అలలు కనిపించనప్పుడు చెవి వేరేగా వింటుంది. వాటిలో ఏదో ఒకటి, విన్నాక కూడా నోట్లో ఆడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోండి. సౌండ్ క్వాలిటీ బాగున్నదాన్ని ఎంచుకోవద్దు. క్వాలిటీని తర్వాత సరిచేసుకోవచ్చు.

ఒక్కటే ఎంచుకోండి. మిగిలిన 62 ఎక్కడికీ పోవు.

2. "అయిపోయింది" అంటే ఏమిటో ముందే కాగితం మీద రాయండి

నా కాగితం మీద ఇలా ఉంటుంది: మూడు నిమిషాలు. మొదలు, చివర ఉండాలి. వేవ్ ఫైల్ బయటికి రావాలి. ఒక మనిషి వినాలి. అంతే.

ఇందులో "బాగుండాలి" అన్న మాట కావాలనే పెట్టలేదు. బాగుండటానికి కొలత లేదు కాబట్టి ఆ పని ఎప్పటికీ ముగియదు. మూడు నిమిషాలకు కొలత ఉంది.

3. లూప్‌ను మూడు నిమిషాల పొడవునా పరచండి, తర్వాత తీసేయడం మొదలుపెట్టండి

నన్ను అడిగితే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. లూప్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు "దీని తర్వాత ఏం రావాలి?" అని ఖాళీ టైమ్‌లైన్ వైపు చూస్తూ కూర్చుంటారు. మీ ఎనిమిది బార్ల లూప్‌లో ఇప్పటికే కిక్, బేస్, హైహ్యాట్, సింథ్, ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తని స్వరాలు) అన్నీ ఒకేసారి మోగుతున్నాయి కదా! అంటే మీ చేతిలో ఉన్నది ట్రాక్‌లో అన్నిటికంటే నిండుగా ఉండే భాగం. మిగతాదంతా అందులోంచి తీసేస్తూ పోతే వస్తుంది.

ఇలా చేయండి. లూప్‌ను కాపీ చేసి పన్నెండుసార్లు పక్కపక్కన పెట్టండి. 128 బీపీఎంలో పన్నెండు పదిహేనులు 180 సెకన్లు, అంటే సరిగ్గా మూడు నిమిషాలు, 96 బార్లు. ఏబుల్టన్‌లో సెషన్ వ్యూలో (లూపులు తిప్పుకునే తెరలో) పనిచేసే అలవాటుంటే ఇప్పుడే అరేంజ్‌మెంట్ వ్యూలోకి (టైమ్‌లైన్‌లోకి) మారిపోండి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో అయితే ప్యాటర్న్ మోడ్ వదిలి ప్లేలిస్ట్‌లోకి రండి. నేను చూసినంతలో లూపులు తిరిగే ఆ మొదటి గదిలోనే చాలామంది ఏళ్లు గడిపేస్తారు.

ఒక్కో కాపీని ఒక గడి అనుకోండి. ఇప్పుడు పన్నెండు గళ్లలోంచి తీసివేతలు. నా డప్పు ట్రాక్‌కు నేను చేసింది చెబుతాను. మొదటి గడిలో డప్పు తప్ప అన్నీ తీసేశాను. రెండో గడిలో హైహ్యాట్ ఉంచాను. మూడు, నాలుగు గళ్లలో కిక్, బేస్ వచ్చాయి కానీ సింథ్ ఇంకా లేదు. వినేవాళ్లకు అది ఇంకా తెలియదు కాబట్టి దాన్ని దాచుకున్నాను. ఐదు, ఆరు గళ్లలో అన్నీ ఉన్నాయి. ఏడు, ఎనిమిదిలో కిక్, బేస్ తీసేసి సింథ్, ప్యాడ్ మాత్రం వదిలాను. డాన్స్ ఫ్లోర్ మీద అందరూ చేతులెత్తి ఎదురుచూసే బ్రేక్‌డౌన్ అదే. తొమ్మిది నుంచి పదకొండు దాకా మళ్లీ అన్నీ, దాంతోపాటు అంతకుముందు వినిపించని ఒకే ఒక్క కొత్త చప్పుడు. పన్నెండో గడిలో మళ్లీ డప్పు ఒక్కటే. దీనికి పట్టింది ముప్పై ఐదు నిమిషాలు. ఏడాదిగా కదలని బండి ముప్పై ఐదు నిమిషాల్లో కదిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషం కొంత, ఏడాది వేస్ట్ చేశానన్న కోపం కొంత.

గడికీ గడికీ మధ్య అతుకు తెలియకూడదంటే, ప్రతి గడి చివరి బీట్ దగ్గర కిక్ తీసేసి చూడండి. ఆ చిన్న ఖాళీయే తర్వాతి గడిని లాక్కొస్తుంది. వెనక్కి తిప్పిన సింబల్ (తాళం) చప్పుడు, మెల్లగా తెరుచుకునే ఫిల్టర్ లాంటివి తర్వాత వేసుకోవచ్చు.

ఎక్కడ ఏం తీయాలో తోచకపోతే మీకు నచ్చిన ట్రాక్ ఒకటి తెచ్చి ప్రాజెక్టులో పైవరుసలో పెట్టండి. అది ఎన్నో బార్ దగ్గర ఖాళీ అవుతోంది, ఎన్నో బార్ దగ్గర నిండుతోంది అని మార్కర్లు పెట్టుకుని, దాన్ని మ్యూట్ చేసేయండి. ట్యూన్ కాపీ కొడితే తప్పు కానీ కొలతలు తీసుకుంటే ఏం తప్పు? టైలర్ పాత చొక్కా పెట్టి కొత్తది కుట్టినట్టే.

4. వెనక్కి వెళ్లే దారులు మూసేయండి

అరేంజ్‌మెంట్ అయ్యాక సింథ్ ట్రాకులను ఆడియోగా మార్చేయండి. ఏబుల్టన్‌లో ఫ్రీజ్ చేసి ఫ్లాటెన్ చేయడం, ఎఫ్‌ఎల్‌లో కన్సాలిడేట్ చేయడం ఇందుకే ఉన్నాయి. భయమైతే అంతకుముందే ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసి పెట్టుకోండి. ఆడియో అయిపోయాక ప్రీసెట్లు (సింథ్‌లో ముందే సిద్ధంగా ఉండే సౌండ్లు) మార్చుతూ కూర్చునే అవకాశం ఉండదు. పాత ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్ గోల కూడా తగ్గుతుంది.

నేను మొట్టమొదట పూర్తి చేసిన ట్రాక్ ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్ వెర్షన్‌లో చేసింది. అందులో అన్నీ పనిచేస్తాయి, ఎక్స్‌పోర్ట్ కూడా అవుతుంది, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టును కొనకుండా మళ్లీ తెరవలేం. మూసేస్తే పోయినట్టే కాబట్టి ఒక్క రాత్రిలో కూర్చుని ముగించాను. డబ్బు కట్టి కొన్నాకే నా సగం పనుల గుట్ట పెరిగింది!

సామాన్లు ఎక్కువైనా ఇదే తంటా. 1982లో ముంబైకి చెందిన చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి ఒక రికార్డు చేశారు. ఆయన వాడినవి మూడు రోలాండ్ యంత్రాలు: జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రం. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు, తర్వాతెప్పుడో చికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్ అనే డాన్స్ మ్యూజిక్‌లాగే ఉందే అని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మన ల్యాప్‌టాప్‌లలో ఆ మూడు యంత్రాలకూ నకళ్లున్నాయి, వాటి పక్కన ఇంకో రెండు వందల ప్లగిన్లూ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు) ఉన్నాయి. ఒక ట్రాక్‌కు ఒక డ్రమ్ కిట్, రెండు సింథులు, ఒక రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) చాలని గీత గీసుకోండి. ప్లగిన్ల సేల్ మెయిల్స్ కూడా ఆపేసుకుంటే ఇంకా మంచిది. డబ్బు మిగులుతుంది.

5. వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు

ఆదివారం మొత్తం కూర్చుందామని పెట్టుకుంటే ఆదివారానికి చుట్టాలొస్తారు. మంగళ, గురు, శని అని పెట్టుకోండి. నలభై నిమిషాలకు ఫోన్లో అలారం పెట్టి, మోగగానే, మంచి ఊపులో ఉన్నా సరే, లేచిపోండి. లేచేముందు తర్వాతి పని ఒక్క వాక్యంలో రాయండి: "ఏడో గడిలో ప్యాడ్ గొంతు తగ్గించాలి." తర్వాతి రోజు కూర్చోగానే ఏం చేయాలో వెతుక్కోనక్కర్లేదు. ట్రాక్‌ల మీద విసుగు పుట్టేది ఎక్కువగా ఆ మొదటి పది నిమిషాల వెతుకులాటలోనే.

సౌండ్లు వెతుక్కునే రోజును వేరుగా పెట్టుకోండి. అది సరదా పని, దాన్ని మానక్కర్లేదు. అరేంజ్‌మెంట్ చేసే రోజు మాత్రం శాంపిల్ ఫోల్డర్ తెరవకూడదు.

6. వినేటప్పుడు చేతులు కట్టుకుని వినండి

మూడు నిమిషాలు నిలబడ్డాక ఒక రోజు పూర్తిగా వదిలేయండి. మర్నాడు మొదటి నుంచి చివరి దాకా, మౌస్ ముట్టుకోకుండా, చిన్న సౌండ్‌లో వినండి. తప్పనిపించింది కాగితం మీద నిమిషం, సెకనుతో రాయండి. ఏడింటికి మించి రాయకండి. ఆ ఏడూ సరిచేస్తే మిక్స్ అయిపోయినట్టే.

తర్వాత కారులో, ఫోన్ స్పీకర్‌లో, ఇంట్లో ఉన్న చిన్న బ్లూటూత్ డబ్బాలో వినండి. నా ట్రాక్‌లో బేస్ హెడ్‌ఫోన్స్‌లో గుండెల్లో మోగింది, ఫోన్లో అసలు వినిపించనే లేదు. కొంచెం డిస్టార్షన్ కలిపితే పైకి తేలింది.

సౌండ్ పెంచే పిచ్చిలో పడొద్దు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలను -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) చుట్టుపక్కలకు తెచ్చి వినిపిస్తుంది, మీరు ఎంత గట్టిగా నొక్కినా అక్కడ తగ్గిస్తుంది. లిమిటర్‌లో (సౌండ్‌ను హద్దు దాటనివ్వని ఎఫెక్ట్‌లో) పీక్ -1 డీబీ దగ్గర ఆపి వదిలేయండి.

7. ఒక్కరికి వినిపించండి, ప్రశ్న మార్చి అడగండి

"ఎలా ఉంది?" అంటే ఇంట్లోవాళ్లు "బాగుంది" అంటారు. దాంతో చేయగలిగింది ఏమీ లేదు. "ఎక్కడ బోర్ కొట్టింది?" అని అడగండి. మా చెల్లి ఠక్కున "ఒకటిన్నర నిమిషం దాటాక, ఆ డప్పు లేని చోట" అంది. వెళ్లి చూస్తే అది నా బ్రేక్‌డౌన్. దాన్ని సగానికి కోసేశాను, ట్రాక్ పదిహేను సెకన్లు చిక్కిపోయింది. రెండు నిమిషాల ముప్పావు! కాగితం మీద మూడు అని రాసుకున్నా, ఆ పాటి సడలింపు ఇచ్చుకున్నాను.

వేరే ప్రొడ్యూసర్లకు మాత్రం మొదట వినిపించకండి. వాళ్లు స్నేర్ డ్రమ్ గురించి మాట్లాడతారు.

8. తేదీ మీ చేతిలో ఉండకూడదు

మనం పెట్టుకున్న గడువును మనమే జరుపుకుంటాం. వేరేవాళ్ల గడువును జరపలేం. వినాయక చవితికి మా గల్లీ మండపంలో వేస్తానని కుర్రాళ్లకు మాటిచ్చాను. నిమజ్జనం మన ట్రాక్ కోసం ఆగదు కదా. కజిన్ సంగీత్, అపార్ట్‌మెంట్ ఫంక్షన్, ఫ్రెండ్ చేసే షార్ట్ ఫిల్మ్, ఏదైనా పర్వాలేదు.

అలాంటివి దొరకకపోతే ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 2004 నుంచి జరుగుతున్న ఎఫ్‌ఏడబ్ల్యూఎం (ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్) అనే సవాలులో ఫిబ్రవరి 28 రోజుల్లో 14 పాటలు చేయాలి. 2012లో మొదలైన డిస్‌క్వైట్ జుంటో అనే సంగీత బృందంలో ప్రతి గురువారం ఒక చిన్న అసైన్‌మెంట్ ఇస్తారు, సోమవారానికి ముగించి పెట్టాలి. నాలుగు రోజుల్లో చేసిన ట్రాక్ ఎంత బాగుంటుందని అనుమానం రావచ్చు. ఏడాదిలో చేయనిదానికంటే బాగుంటుంది.

9. కొన్నిటిని వదిలేయండి

మూడు విడతలు కూర్చున్నా గళ్లు నిండకపోతే ఆ లూప్‌ను పక్కన పెట్టేయండి. అందులో బాగున్న డ్రమ్ములు, సింథ్ ప్రీసెట్ తీసి ఒక ఫోల్డర్‌లో దాచండి, ఇంకో ట్రాక్‌కు పనికొస్తాయి. జానపద పాటనో సినిమా పాటనో పెట్టి రీమిక్స్ చేస్తుంటే హక్కుల సంగతి మొదట్లోనే చూసుకోండి. అంతా అయ్యాక అప్‌లోడ్ చేసిన గంటకే కాపీరైట్ క్లెయిమ్ పడితే తర్వాతి ట్రాక్ మీద కూడా మనసు పోదు.

10. మూటగట్టి పెట్టండి

వేవ్ ఫైల్ వచ్చిన రోజే ప్రాజెక్టులోని శాంపిళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి సేవ్ చేయండి. ప్రతి ట్రాక్‌ను విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి స్టెమ్స్ కూడా పెట్టుకోండి. ఫైల్ పేరులో బీపీఎం, శ్రుతి, తేదీ ఉండాలి. "ఫైనల్_కొత్తది_2_నిజంగా_ఫైనల్" లాంటి పేర్లు చెరిపేయండి. ఆ ఫోల్డర్‌ను "పూర్తయినవి" అనే పెద్ద ఫోల్డర్‌లోకి లాగండి. నాకు ఆ పెద్ద ఫోల్డరే ఉండేది కాదు, ఆ రోజే తయారు చేశాను. ఇప్పుడు అందులో నాలుగున్నాయి. మిగిలినవాటిలో ఒకటి, పోయిన సంక్రాంతికి హరిదాసు వీధిలోకొచ్చినప్పుడు రికార్డు చేసుకున్న చిడతల చప్పుడుతో చేసినది, ఈ గురువారానికి ఏడో గడి దాకా వచ్చింది.