పాత కారులో మూలనపడ్డ ఫీచర్లను మళ్లీ పనిచేయించడం ఎలా?

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పాత జెన్, శాంత్రో కార్లు ఇంకా రోడ్డెక్కుతూనే ఉన్నాయి. ఇంజిన్‌కి ఢోకా ఉండదు. హీటరు, వెనక అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్, వెనక వైపర్ లాంటివాటిని మాత్రం ఓనర్లు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. డిసెంబరులో తెల్లవారకముందే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే అద్దానికి ఆవిరి పట్టి రోడ్డు కనపడదు. ఆ బటన్లు అప్పుడు గుర్తొస్తాయి. వాటిలో చాలావరకు పాడైపోయినవి కావు, వాడక బిగుసుకుపోయినవి. అందుకే సామాను కొనడం ఆఖరి పని.

ముందు కరెంటు సంగతి

ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. బండి స్టార్ట్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. మీటరు లేకపోతే బ్యాటరీ షాపులో చూస్తారు. బ్యాటరీ నీరసంగా ఉంటే మంచి మోటారు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది.

తర్వాత ఫ్యూజు బాక్సు తెరవండి. ఏ ఫ్యూజు దేనికో చాలా కార్లలో మూత మీదే రాసి ఉంటుంది. ఫ్యూజు కాలకపోయినా దాని కాళ్లకు పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు. కారు తాళంచెవి బయటకు తీసేసి, ఒక్కొక్కటీ బయటకు లాగి, కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కాంటాక్టుల్ని శుభ్రం చేసే స్ప్రే) కొట్టి మళ్లీ పెట్టండి. కాలిపోయిన చోట అదే రేటింగుది వేయాలి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి నడిపించే మిస్త్రీలు ఇంకా ఉన్నారు. అలాంటి చోటికి కారు తీసుకెళ్లకండి, వైరింగు అంటుకుంటుంది. కొత్త ఫ్యూజు వేయగానే కాలిపోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. షెడ్డులో పెట్టి ఉంచిన కారైతే ముందు ఎలుకల్నే అనుమానించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఇక స్విచ్చులు. తాళం ఆఫ్‌లో ఉంచి ఒక్కో స్విచ్చునూ పాతిక ముప్పైసార్లు నొక్కి వదలండి. లోపలి చిలుము రాసుకుని పోతుంది. పైసా ఖర్చు లేని ఈ పనితోనే కొన్ని దారికొస్తాయి.

హీటరు: ఘాట్ రోడ్డు వాళ్లకు ఇదే ముఖ్యం

మైదానంలో తిరిగేవాళ్లకు హీటరు అనవసరం అనిపిస్తుంది. పొట్టంగి, సెమిలిగూడ, కొరాపుట్ వెళ్లేవాళ్లు అలా అనుకోలేరు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ ఉన్న ప్రాంతమది, శీతాకాలం మంచు దట్టంగా దిగుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బోనెట్ ఎత్తి హీటరు పైపులు చూడండి. ఎప్పుడో లీకైతే రెండు పైపుల్నీ కలిపేసి బైపాస్ చేసి ఉండొచ్చు. అలా ఉంటే ఎవరినీ అడక్కుండా విప్పకండి, లోపలి హీటరు కోర్ (వేడి నీరు తిరిగే చిన్న రేడియేటర్) చిల్లుపడి ఉంటుంది. పైపులు మామూలుగానే ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) రంగు చూడండి. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసిన కారులో అది తుప్పు రంగులో ఉంటుంది. ముందు సిస్టమంతా కడిగించి సరైన కూలెంట్ పోయించాలి.

తర్వాత ఇంజిన్ వేడెక్కనిచ్చి, నాబ్‌ను ఎరుపు వైపు పూర్తిగా తిప్పి, ఫ్యాను బెల్టుకు దూరంగా చెయ్యి పెట్టి పైపుల్ని జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే నీరు తిరుగుతోంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే వేడి నీటిని హీటరులోకి వదిలే వాల్వు తెరుచుకోలేదు, లేదా కోర్ మూసుకుపోయింది. కేబుల్‌తో నడిచే వాల్వు అయితే చాలాసార్లు ఆ కేబులే పట్టేసి ఉంటుంది. నాబ్‌ను బలంగా తిప్పితే ప్లాస్టిక్ విరుగుతుంది. వాల్వు దగ్గర కాస్త నూనె వేసి మెల్లగా ఇటూ అటూ ఆడించాలి. హీటరు వేశాక తియ్యటి వాసన వచ్చినా, ముందు సీటు కింద మ్యాట్ తడిసినా వెంటనే ఆపేయండి. కోర్ కారుతున్నట్టే.

ఆవిరి పోవాలంటే హీటరుతో పాటు ఏసీ కూడా వేయాలి. రెండూ ఒకేసారి ఎందుకని చాలామంది అంటారు కానీ ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటరు ఆ పొడి గాలిని వేడి చేస్తుంది. బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టడం మరవకండి.

వెనక అద్దం, కిటికీలు, బెల్టులు

ఇంజిన్ నడుస్తుండగా డీఫాగర్ వేసి గీతల్ని గమనించండి. ఆవిరి చెదరని చోట గీత తెగి ఉంటుంది, దాన్ని వెండి కలిసిన కండక్టివ్ పెయింటుతో అతకొచ్చు. ఆ అద్దం లోపలి వైపు స్టిక్కర్లను బ్లేడుతో గీకారంటే గీతలే పోతాయి. వెనక వైపర్‌కి రబ్బరు మార్చి, నీళ్లు నింపాకే వాషర్ నొక్కాలి. నీళ్లు రాకపోతే నాజిల్‌ని సూదితో పొడవండి.

పవర్ విండో మొరాయిస్తే బటన్ అలాగే నొక్కి పట్టుకోవద్దు, మోటారు కాలుతుంది. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, కొబ్బరినూనె వద్దు.

సీటు కవర్ల కింద నొక్కుకుపోయిన వెనక బెల్టుల్ని బయటికి తీయండి. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. చివరిదాకా లాగి, సబ్బునీళ్లతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఒక్కసారి గట్టిగా గుంజి చూడండి. లాక్ కాకపోయినా, నారలు లేచినా బెల్టు మార్చాల్సిందే.

ఏసీ

ఫ్యాను ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే, స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయి ఉంటుంది, అది చిన్న ఖర్చు. గాలి వస్తున్నా చల్లబడకపోతే ‘గ్యాస్ అయిపోయింది సార్’ అంటారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారింది. ముందు లీక్ పట్టమనండి, తర్వాత వ్యాక్యూమ్ చేయమనండి, అంటే పైపుల్లోని గాలి, తేమ లాగేయమనండి. ఆ పైన బోనెట్ కింది స్టిక్కర్‌లో రాసిన గ్యాసే, రాసినంత బరువే ఎక్కించాలి. బాగయ్యాక చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు నడపాలి. కంప్రెసర్ సీళ్లకు నూనె అందకపోతే ఎండిపోయి మళ్లీ కారతాయి.

క్యాసెట్ ప్లేయర్, మోటారు యాంటెనాల మీద డబ్బు పెట్టొద్దనే చెబుతాను. యాంటెనా సగంలో ఇరుక్కుని మోటారు తిరుగుతూనే ఉంటే దాని కనెక్టర్ ఊడదీసేయండి, లేదంటే రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంది.