జ్వరం దిగిన రోజే జాగ్రత్త

వానాకాలం దగ్గర పడుతోందంటే నాకు డెంగీతో వార్డులో ఉన్న ఒక పిల్లాడి తల్లి మాట గుర్తొస్తుంది. "జొరం తగ్గిపోనాది సిస్టరమ్మా, ఇంటికెల్లిపోతాం" అంది, ఐదో రోజు పొద్దున్న. నర్సుగా ఆ మాట అంతకు ముందూ విన్నాను, కాబట్టి వెళ్లనివ్వలేదు. సాయంత్రానికి ఆ గుంటడు కడుపునొప్పంటూ ముడుచుకుపోయాడు, చేతులు చల్లబడిపోయాయి. వార్డులో ఉన్నాడు కాబట్టి సెలైన్ వెంటనే అందింది, బతికాడు.

డెంగీలో జ్వరం సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య దిగుతుంది. అప్పుడే కొందరికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఆ 24 నుంచి 48 గంటలే గండం. అందుకే జ్వరం మొదలైన తేదీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆసుపత్రిలో మేం మొదట అడిగేది అదే, చాలామంది చెప్పలేనిదీ అదే.

తెరిపి లేని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడుకోవడం లేదా ఊరికే చిరాకుపడడం, ఆరేడు గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. "లక్ష కిందకి పడిపోయాయి, ఎక్కించండి" అని బంధువులు డాక్టర్ల మీద పడడం ప్రతి సీజన్లో చూస్తాం. రక్తస్రావం లేని పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లాభం ఉందా అని సింగపూర్, మలేసియా ఆసుపత్రుల్లో పరీక్షించారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం రక్తస్రావం తగ్గలేదు, పైగా దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి. రిపోర్టులో ప్లేట్‌లెట్ల పక్కనే పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోతూ అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతున్నట్టు. డాక్టరుని దాని గురించి అడగండి. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్ల కోసం పరుగులు పెట్టే ఇంట్లోనే రోగి పొద్దుట్నించి గ్లాసుడు నీళ్లు తాగలేదని తేలినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా రోజంతా పట్టండి. ఆ చేదు రసంతో వాంతులైతే ఉన్న నీరూ పోతుంది.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె జబ్బుకి ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా మానేయకుండా డాక్టరుని అడగాలి. మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ వేసుకోవడం ఈ మధ్య మరీ అలవాటైపోయింది. డెంగీ వైరస్ మీద యాంటీబయాటిక్ ఏమీ చేయదు. అవసరం లేకుండా వాడినకొద్దీ, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. వైద్యరంగంలో ఇప్పుడు అందరినీ కలవరపెడుతున్నది ఇదే.

అయితే అన్ని జ్వరాలూ డెంగీ కాదు. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనబడితే స్క్రబ్ టైఫస్ అనే ఇంకో రకం జ్వరం కావచ్చు. దానికి డాక్సీసైక్లిన్ లాంటి సరైన మందు తొందరగా పడాలి. ఒళ్లంతా వెతకండి, డాక్టరుకి చూపించండి.

ఇంటి దగ్గర పని వానలు ముదరకముందే మొదలవ్వాలి. మన విశాఖ కొండవాలు కాలనీల్లో కుళాయి వేళకే వస్తుంది, డ్రమ్ములు నింపుకోక తప్పదు, తప్పు ఎవరిదీ కాదు. కానీ డెంగీ దోమ పెరిగేది ఆ మంచినీళ్లలోనే, కుట్టేది పగటిపూటే. గుడ్లు డ్రమ్ము గోడకి అతుక్కుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఊరికే ఒంపేస్తే పోవు, లోపల పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమయ్యేసరికి వారం పదిరోజులు పడుతుంది, అందుకే వారానికోసారి, శుక్రవారం, నిలవ నీళ్లన్నీ ఒంపేసి ఆరబెట్టే 'డ్రై డే' అంటారు. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, మేడ మీద పాత టైర్లు, జాలరిపేటలో పడేసిన థర్మాకోల్ పెట్టెలు మర్చిపోకండి. పొగ కొడితే ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలో దోమపిల్లలు అలాగే ఉంటాయి. అక్టోబరులో తుపాను వస్తే, 2014 హుద్‌హుద్ తర్వాతలా, విరిగిన కొమ్మల కింద, టార్పాలిన్ల మడతల్లో నీళ్లు నిలుస్తాయి, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

అరకు, పాడేరు వెళ్లేవాళ్లు దోమతెర పట్టుకెళ్లండి, అక్కడి మలేరియా దోమ రాత్రి కుడుతుంది. తిరిగొచ్చాక నెలలోపు చలిజ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చామని అడగకపోయినా డాక్టరుకి చెప్పండి.