చెస్ ఇంజిన్ నత్తనడక నడుస్తోందా? ఎత్తుల వరుస చూడండి

ఆల్ఫా-బీటా (ఫలితాన్ని మార్చలేని ఎత్తుల్ని చూడకుండా వదిలేసే సెర్చ్ పద్ధతి) రాసినా సెర్చ్ లోతుకు వెళ్లకపోతే, వెంటనే కొత్త ప్రూనింగ్ (అనవసరమైన ఎత్తుల్ని కత్తిరించే) ట్రిక్కుల జోలికి పోకండి. ముందు ఎత్తుల్ని ఏ వరుసలో పరీక్షిస్తున్నారో చూడండి. పొజిషన్‌కు 35 ఎత్తుల చొప్పున 6 ప్లైలకు (ప్లై అంటే ఒక పక్షం వేసే ఒక ఎత్తు) మామూలు మినీమాక్స్ (ఏదీ వదలకుండా అన్ని ఎత్తులూ చూసే సెర్చ్) సుమారు 184 కోట్ల చివరి పొజిషన్లు చూడాలి. ప్రతిచోటా మంచి ఎత్తే ముందు పడితే ఆల్ఫా-బీటాకు 86 వేల లోపే సరిపోతాయి. వరుస పూర్తిగా తిరగబడిందా, ఆ లాభమంతా గల్లంతే.

ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (ఇంతకుముందు చూసిన పొజిషన్ల ఫలితాల్ని దాచే పట్టిక) ఇచ్చిన ఎత్తు అన్నిటికన్నా ముందు. తర్వాత లాభసాటి క్యాప్చర్లు, కిల్లర్ ఎత్తులు (అదే లోతులో ఇంతకుముందు కటాఫ్ తెచ్చిన, క్యాప్చర్ కాని ఎత్తులు), మిగతావి హిస్టరీ స్కోరు (ఆ ఎత్తు ఇంతకుముందు ఎంతగా కటాఫ్‌లు తెచ్చిందో చెప్పే లెక్క) ప్రకారం. బంటుతో మంత్రిని కొట్టే ఎత్తు పైన ఉండాలి; కాపలా ఉన్న బంటును మంత్రితో కొట్టేది అట్టడుగుకు పోవాలి.

రెండు కౌంటర్లు పెట్టండి: మొత్తం బీటా కటాఫ్‌లు (ఒక ఎత్తు చాలినంత బాగుండి, ఆ పొజిషన్‌లో మిగతావి చూడనక్కర్లేకుండా ఆగిపోయిన సందర్భాలు), వాటిలో మొదటి ఎత్తుకే వచ్చినవి. మొత్తంలో ఈ రెండోవి 90 శాతం దగ్గర ఉంటే బాగున్నట్టే. బాగా తక్కువుంటే బగ్‌ను అనుమానించండి. టేబుల్‌లో ఎత్తును దాచి, తీరా వరుస పేర్చేటప్పుడు దాన్ని వాడకపోవడం మామూలే (కోడ్ చక్కగా నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు!). అన్నట్టు, లిస్టు మొత్తం సార్ట్ చేయకండి. ప్రతిసారీ మిగిలినవాటిలో పెద్ద స్కోరుదాన్ని ఏరుకుంటే చాలు, కటాఫ్ వచ్చాక మిగతావాటితో పనే లేదు.