పోల్ ఫిట్‌నెస్ మొదటి క్లాసుకు ముందు

నిలువుగా బిగించిన లోహపు కడ్డీని (పోల్) పట్టుకుని చేసే ఈ వ్యాయామానికి కొత్త బ్యాచ్‌లో చేరుతున్నవారు ఇవి చూసుకోవాలి.

తలకిందులయ్యే భంగిమల జోలికి అప్పుడే వెళ్లొద్దు. పట్టు జారితే మెడ మీద పడతారు. కింద మందపాటి మ్యాట్, పక్కన శిక్షకురాలు ఉన్నప్పుడే, అదీ ఆమె సరేనన్నాకే.

వీడియోలు చూసి ఇంట్లో పోల్ బిగించుకోవద్దు. నేలకూ పైకప్పుకూ మధ్య ఒత్తిడితో నిలిచే రకానికి గట్టి శ్లాబు కావాలి. ఫాల్స్ సీలింగ్ ఆ ఒత్తిడికి తట్టుకోదు.

ఆ రోజు ఒంటికి లోషన్, కొబ్బరినూనె రాసుకోవద్దు. పోల్‌ను పట్టి ఉంచేది చర్మమే. ముందు ఎక్కినవారి చెమట, జిడ్డు కూడా దాని మీదే ఉంటాయి కాబట్టి గుడ్డతో తుడిచాకే ఎక్కండి.

పొట్టి నిక్కరు తీసుకెళ్లండి. లెగ్గింగ్స్‌తో తొడలకు, మోకాళ్ల వెనుక పట్టు దొరకదు. సిగ్గెందుకు, అక్కడ అందరిదీ అదే వేషం!

ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. వేలు నలుగుతుంది, పోల్‌పై గీతలు పడతాయి.

పోల్ తిరిగేదా, కదలనిదా అడగండి. చాలావాటిని రెండు విధాలా మార్చవచ్చు. కదలదనుకుని ఊగితే కళ్లు తిరుగుతాయి.

తొడలు కమలడం మామూలే. భుజంలోనో మణికట్టులోనో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం వెంటనే దిగిపోండి.