టి కణంలో కాల్షియం సంకేతాన్ని కొలవడం, వచ్చిన గీతను చదవడం

విశ్రాంతిలో ఉన్న టి కణం (రోగనిరోధక వ్యవస్థలోని ఒక తెల్ల రక్తకణం) సైటోప్లాజంలో కాల్షియం 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది. కణం బయట 1 నుంచి 2 మిల్లీమోలార్, అంటే పదివేల రెట్లు. కణం మీది రిసెప్టర్‌కు యాంటిజెన్ (అది గుర్తించే పరాయి పదార్థం) తగలగానే ఎల్‌సీకే ఎంజైమ్ ఆ రిసెప్టర్‌లో భాగమైన సీడీ3, జీటా గొలుసుల తోకల మీది టైరోసిన్లకు ఫాస్ఫేట్ చేరుస్తుంది. అక్కడికి వచ్చిన జాప్-70 ఎంజైమ్ లాట్, ఎస్‌ఎల్‌పీ-76 అనే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. వాటి మీద కూడిన పీఎల్‌సీ-గామా1 ఎంజైమ్ పొరలోని పీఐపీ2 కొవ్వును కోసి ఐపీ3 అనే చిన్న అణువును విడుదల చేస్తుంది. ఐపీ3 వల్ల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోని కాల్షియం నిల్వ బయటపడుతుంది. నిల్వ తరిగిందని స్టిమ్1 ప్రొటీన్ పసిగట్టి కణ పొరలోని ఒరాయ్1 మార్గాన్ని తెరుస్తుంది. బయటి కాల్షియం ఆ దారినే లోపలికి వస్తుంది.

కాబట్టి కాలంతో పాటు కాల్షియం మార్పును చూపే గీతలో రెండు భాగాలుంటాయి: నిల్వ నుంచి వచ్చే తొలి పెరుగుదల, బయటి నుంచి వచ్చి నిలిచి ఉండే ఎత్తు. జన్యువులను పనిలోకి దింపే ఎన్‌ఫాట్ ప్రొటీన్‌ను కేంద్రకంలో ఉంచేది రెండోదే. కాల్షియం పడిపోతే ఎన్‌ఫాట్ నిమిషాల్లో కేంద్రకం విడిచి వెళ్తుంది. ఒరాయ్1లో ఒక్క అమైనో ఆమ్లం మారిన శిశువుల్లో టి కణాలు ఉన్నా పనిచేయవని, తీవ్రమైన రోగనిరోధక లోపం వస్తుందని 2006లో తేలింది. అందుకే శిఖరం ఎత్తు ఒక్కటే చూసి వదిలేయకండి.

ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వెలుగును కొలిచే యంత్రంలో) అతినీలలోహిత లేజర్ ఉంటే కాల్షియాన్ని పట్టి వెలిగే ఇండో-1 రంగును ఎంచుకోండి. కాల్షియం పట్టిన రంగు 400 నానోమీటర్ల దగ్గర, పట్టనిది 475 దగ్గర వెలుగుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని తీసుకుంటే ఒక్కో కణంలో ఎంత రంగు చేరిందన్న తేడా చాలావరకు తొలగిపోతుంది. 488 నానోమీటర్ల లేజర్ ఒక్కటే ఉంటే ఫ్లువో-4 వాడవచ్చు గానీ అందులో నిష్పత్తి ఉండదు.

జుర్కాట్ కణాలు (ప్రయోగశాలలో పెంచే టి కణ రకం) చురుగ్గా పెరుగుతున్న దశలో, 95 శాతానికి పైగా బతికి ఉండాలి. 1.3 మిల్లీమోలార్ కాల్షియం, 1 శాతం సీరమ్ ఉన్న హ్యాంక్స్ ద్రావణంలో 2 మైక్రోమోలార్ ఇండో-1 ఏఎం (కణంలోకి దూరగల ఎస్టర్ రూపం), రంగును కరిగించడానికి 0.02 శాతం ప్లూరానిక్ ఎఫ్-127 కలిపి, చీకట్లో 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచండి. రెండుసార్లు కడిగి, రంగు లేని ద్రావణంలో మరో 20 నుంచి 30 నిమిషాలు వదలండి. ఎస్టర్ పూర్తిగా తెగడానికి ఆ సమయం కావాలి. తెగని రంగు కాల్షియానికి స్పందించకుండానే వెలుగుతూ ఆధార రేఖను చెడగొడుతుంది.

మిల్లీలీటరుకు 10 లక్షల కణాల చొప్పున పలచన చేసి, 37 డిగ్రీలకు తెచ్చాక 60 సెకన్లు ఆధార రేఖ తీయండి. సీడీ3ని పట్టి కణాన్ని ఉత్తేజపరిచే ఓకేటీ3 యాంటీబాడీని తుది గాఢత 2 మైక్రోగ్రాములు/మిల్లీలీటరు ఉండేలా కలిపి 5 నిమిషాలు నమోదు చేయండి. చివర, రిసెప్టర్‌తో పనిలేకుండా కాల్షియాన్ని నేరుగా పొర దాటించే అయనోమైసిన్ 1 మైక్రోమోలార్ వేయాలి. రక్తం నుంచి తీసిన టి కణాల్లో ఓకేటీ3 ఒక్కటే తరచూ చాలదు. దాన్ని మంచు మీద అంటించి, యంత్రం మీద 37 డిగ్రీల వద్ద ఉండగా ఓకేటీ3ని పట్టే రెండో యాంటీబాడీతో జతకట్టించండి. గొట్టం చల్లగా ఉంటే స్పందన ఆలస్యమై మందగిస్తుంది, దాన్ని జీవశాస్త్రపు తేడాగా పొరబడే ప్రమాదం ఎక్కువ.

రెండు భాగాలనూ విడదీయాలంటే కాల్షియం లేని, 0.5 మిల్లీమోలార్ ఈజీటీఏ (మిగిలిన కాల్షియాన్ని పట్టేసే రసాయనం) ఉన్న ద్రావణంలో ఉత్తేజపరచండి. నిల్వ విడుదలే చిన్న శిఖరంగా కనిపిస్తుంది. అది దిగాక 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపితే వచ్చే ఎగుబాటు బయటి ప్రవేశం. కణాలను ఈజీటీఏలోకి కొలతకు కాస్త ముందే మార్చండి, ఆలస్యమైతే నిల్వ తనంతట తానే కారిపోతుంది. మరో గొట్టంలో ఓకేటీ3 బదులు 1 మైక్రోమోలార్ థాప్సిగార్గిన్ వేయండి. అది రిసెప్టర్‌తో పనిలేకుండా నిల్వలోకి కాల్షియాన్ని తోడే పంపులను ఆపి నిల్వను ఖాళీ చేస్తుంది. థాప్సిగార్గిన్‌కు ప్రవేశం మామూలుగా ఉండి ఓకేటీ3కి రెండు దశలూ రాకపోతే లోపం పైఅంచెలో, అంటే నిల్వ విడుదలకు ముందు మెట్లలో ఉంది. ఎల్‌సీకే లేని జేక్యామ్1, జాప్-70 లేని పీ116 జుర్కాట్ రకాలు ఇలాగే ప్రవర్తిస్తాయి, అదుపు ప్రయోగానికి బాగా పనికొస్తాయి. నిల్వ విడుదలై ప్రవేశం రెండింటిలోనూ లేకపోతే స్టిమ్1, ఒరాయ్1 వైపు చూడండి.

అయనోమైసిన్‌కు కూడా గీత సరిగా లేవకపోతే రంగు ఎక్కలేదు, లేదా ద్రావణంలో కాల్షియం లేదు. కాల్షియం లేని మామూలు ఫాస్ఫేట్ బఫర్ వాడినప్పుడు ఇలా జరుగుతుంది. రంగు మరీ ఎక్కువైతే అదే కాల్షియాన్ని పట్టుకుని శిఖరాన్ని చదును చేస్తుంది. ఆధార రేఖ మొదటి నుంచే ఎత్తుగా ఉంటే చనిపోయిన కణాలను అనుమానించండి, లేదా ముందు గొట్టంలోని అయనోమైసిన్ యంత్రం నాళాల్లో మిగిలి ఉండవచ్చు. అది అంత తేలిగ్గా వదలదు. 70 శాతం ఇథనాల్‌తో, తర్వాత నీళ్లతో కడిగి, ఉత్తేజపరచని కణాలను ఒకసారి నడిపి చూశాకే తర్వాతి నమూనా పెట్టండి.

ఫలితాన్ని సగటుగా మాత్రమే గీయకండి. సగం కణాలు పూర్తిగా స్పందించినా, అన్నీ సగమే స్పందించినా సగటు గీత దాదాపు ఒకేలా ఉంటుంది. ఆధార రేఖలో 95 శాతం కణాలు ఏ నిష్పత్తి కింద ఉన్నాయో దాన్ని హద్దుగా పెట్టుకుని, దాన్ని దాటిన కణాల శాతాన్ని కాలంతో పాటు గీయండి.